చేతికి రాని జీతం మీద పన్ను

ఆదాయపు పన్ను రిటర్న్ వేసే రోజులివి. జూన్ 15 నాటికి ఉద్యోగులకు ఫారం 16 అందాలి. జీతం తీసుకునేవారిలో చాలామంది జూలై 31లోగా రిటర్న్ దాఖలు చేయాలి. ఆ ఫారం చేతికి రాగానే మన కళ్లు రెండు అంకెల కోసం వెతుకుతాయి. మొత్తం జీతం ఎంత, పట్టుకున్న పన్ను ఎంత? ఈ రెండూ చూసి, కాగితం మడిచి, ఆడిటరుకు పంపేస్తాం.

ఈసారి అలా మడిచేయకుండా ఒక్క నిమిషం ఆగండి. ఫారం 16 రెండో భాగంలో, మొదట్లోనే జీతం వివరాలు మూడు వరుసలుగా ఉంటాయి. మొదటి వరుస, సెక్షన్ 17(1) కింద జీతం. మూడో వరుస, జీతానికి బదులుగా వచ్చిన మొత్తాలు. ఈ రెండింటి మధ్య సెక్షన్ 17(2) కింద పెర్క్విజిట్ల విలువ అని ఒక వరుస ఉంటుంది. మనం రోజూ పెర్క్స్ అనుకునేవి ఇవే. కంపెనీ ఇచ్చిన ఇల్లు, కారు, తక్కువ వడ్డీకిచ్చిన అప్పు, పండక్కి ఇచ్చిన గిఫ్ట్ కార్డు, కంపెనీ షేర్లు అన్నీ ఆ ఒక్క వరుసలోకి చేరతాయి. ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాలో ఎప్పుడూ పడదు. దాని మీద పన్ను మాత్రం మీ జీతంలోంచే కోస్తారు.

చేతికి రాని డబ్బు మీద పన్నేమిటి అని చాలామంది అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. నిజానికి ఇది చాలా పాత ప్రశ్న. 1892లో బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు టెనెంట్ వర్సెస్ స్మిత్ అనే వ్యాజ్యం వచ్చింది. స్కాట్లండ్‌లోని మాంట్‌రోజ్ అనే ఊళ్లో ఒక బ్యాంకు ఏజెంటు బ్యాంకు భవనంలోనే అద్దె లేకుండా కాపురం ఉండేవాడు. బ్యాంకుకు కాపలాగా అక్కడే ఉండటం ఆయన ఉద్యోగంలో భాగం. ఆ ఇంటి విలువను ఆయన ఆదాయంలో కలపాలా వద్దా? కలపకూడదని తీర్పు వచ్చింది. ఆ ఇంటిని ఆయన ఇంకొకరికి అద్దెకివ్వలేడు, డబ్బుగా మార్చుకోలేడు కాబట్టి అది ఆదాయం కాదన్నారు.

మన చట్టం ఆ దారిన వెళ్లలేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం జీతం అనే మాటలోనే పెర్క్విజిట్లనూ కలిపింది. వాటికి విలువ ఎలా కట్టాలో చెప్పడానికి 1962 నియమావళిలో మూడో నియమం ఉంది. ఇందులో న్యాయం లేకపోలేదు. ఒకే కంపెనీలో ఒకే హోదాలో ఇద్దరు పనిచేస్తున్నారనుకోండి. ఒకరు నెలకు లక్ష రూపాయలు తీసుకుని, అందులోంచే ఇంటద్దె కడతారు. ఇంకొకరు 75 వేలు తీసుకుని కంపెనీ ఇంట్లో ఉంటారు. ఇద్దరి జీవన స్థాయీ ఒక్కటే. మొదటి వ్యక్తికి లక్ష మీద, రెండో వ్యక్తికి 75 వేల మీద పన్ను వేస్తే అది మొదటివారికి అన్యాయం. పైగా ఆ వెసులుబాటు ఉంటే కంపెనీలు జీతాలను మెల్లగా వస్తువులుగా, సౌకర్యాలుగా మార్చేస్తాయి. పై హోదాల్లో ఉన్నవారికే అలాంటి సౌకర్యాలు ఎక్కువ కాబట్టి లాభమూ వారికే ఎక్కువ.

ఈ భారాన్ని ఉద్యోగి మీద కాకుండా యాజమాన్యం మీద వేసే ప్రయత్నమూ మన దేశంలో జరిగింది. 2005 బడ్జెట్లో ఆర్థికమంత్రి చిదంబరం ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ తెచ్చారు. కంపెనీలకు లెక్కల గొడవ పెరిగిందన్న విమర్శల మధ్య 2009 బడ్జెట్లో ప్రణబ్ ముఖర్జీ దాన్ని ఎత్తేశారు. ఆ భారం మళ్లీ ఉద్యోగి లెక్కలోకే వచ్చింది. నేటికీ అక్కడే ఉంది.

కాబట్టి పన్ను ఎందుకు అన్నదానికంటే విలువ ఎలా కడతారన్నదే మనకు ముఖ్యం. ఆ సౌకర్యం మీకు ఎంత ఉపయోగపడిందో, కంపెనీకి ఎంత ఖర్చయిందో చాలా సందర్భాల్లో చట్టం చూడదు. నియమం ఏ సూత్రం చెబితే ఆ సూత్రమే విలువ. కొన్నిచోట్ల అది మీకు కలిసొస్తుంది, కొన్నిచోట్ల మిమ్మల్ని ముంచుతుంది. ఏది ఎక్కడో తెలుసుకోవడమే ఈ ప్రసంగం ఉద్దేశం. నేను చెప్పే అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే ఇప్పుడు వేసే రిటర్న్‌కు వర్తించేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే జీతాలకు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం, దాని నియమావళి వర్తిస్తాయి. వచ్చే ఏటి లెక్కకు ఆ నియమావళిలోని అంకెలే చూసుకోవాలి.

ముందుగా ఇల్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు క్వార్టర్స్ ఇస్తే ప్రభుత్వం నిర్ణయించిన లైసెన్స్ ఫీజే దాని విలువ. ఉద్యోగి ఆ ఫీజు కడుతుంటే ఇక పన్ను లెక్క ఏమీ ఉండదు. ప్రైవేటు కంపెనీల్లో, ప్రభుత్వరంగ సంస్థల్లో పద్ధతి వేరు. అక్కడ ఇంటి విలువను జీతంలో శాతంగా కడతారు. ఎంత శాతమన్నది ఆ ఊరి జనాభాను బట్టి ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో 40 లక్షలు దాటిన నగరమైతే 10 శాతం, 15 లక్షల నుంచి 40 లక్షల లోపు అయితే ఏడున్నర శాతం, అంతకంటే చిన్న ఊరైతే 5 శాతం. 2023 సెప్టెంబరు 1 నుంచి ఈ శాతాలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 15, 10, ఏడున్నర ఉండేవి.

మన ఊళ్లకు దీన్ని వర్తింపజేద్దాం. బేసిక్, లెక్కలోకి వచ్చే డీఏ, బోనస్, పన్ను పడే అలవెన్సులు కలిపి ఏడాదికి 12 లక్షలున్న ఉద్యోగికి కంపెనీ తన సొంత ఇల్లు ఇచ్చిందనుకుందాం. హైదరాబాద్‌లో అయితే ఆ ఇంటి విలువ లక్షా 20 వేలు. విశాఖపట్నంలో 90 వేలు. విజయవాడలో 60 వేలు. ఇల్లు చిన్నదా పెద్దదా, గాలీ వెలుతురూ ఉన్నాయా లేవా అన్నది ఈ లెక్కలోకి రాదు.

ఈ సూత్రం మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వ ఉద్యోగికి ఒక న్యాయం, కంపెనీ ఉద్యోగికి ఒక న్యాయమా అని కొందరు కంపెనీ ఉద్యోగులు అడిగారు. అరుణ్ కుమార్ కేసులో 2006లో సుప్రీంకోర్టు నియమం చెల్లుతుందని చెబుతూనే, ఉద్యోగికి అద్దెలో నిజంగా రాయితీ దక్కిందని తేలితేనే పన్ను అంది. మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టం సవరించింది. సూత్రం చెప్పిన విలువకూ, ఉద్యోగి కట్టే అద్దెకూ మధ్య తేడానే రాయితీగా భావించాలని రాసింది. దాంతో ఆ వాదనకు తెరపడింది.

కంపెనీ ఇల్లు సొంతం కాకుండా బయట లీజుకు తీసుకుని ఇస్తే, అసలు అద్దె, జీతంలో 10 శాతం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే విలువ. మీ దగ్గర కంపెనీ ఎంతైనా అద్దె వసూలు చేస్తే అది తీసివేస్తారు. ఫర్నిచర్, ఏసీ, ఫ్రిజ్ లాంటివి కంపెనీవే అయితే వాటి ఖరీదులో ఏడాదికి 10 శాతం కలుపుతారు.

కొత్త పన్ను విధానంలో ఉన్నవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేదు. నెలకు 15 వేల అద్దెకు హెచ్‌ఆర్‌ఏ తీసుకుంటే ఏడాదికి లక్షా 80 వేలూ ఆదాయంలో కలుస్తాయి. అదే ఇంటిని కంపెనీ తన పేరున లీజుకు తీసుకుని మీకిస్తే, ఇందాకటి 12 లక్షల జీతం మీద కలిసేది లక్షా 20 వేలే. ఇల్లూ అదే, అద్దె కూడా అదే. కంపెనీకి అదనంగా ఒక్క పైసా ఖర్చు లేదు. కొత్త విధానం మినహాయింపులను ఎత్తేసినా, పెర్క్‌కు విలువ కట్టే ఈ సూత్రాలను దాదాపుగా అలాగే ఉంచింది. ఈ తేడా చాలామందికి తెలియదు.

తర్వాత కారు. కంపెనీ కారు ఇచ్చి, ఖర్చులన్నీ తనే భరించి, ఆఫీసు పనికీ సొంత పనికీ రెండింటికీ వాడుకోనిస్తే, ఇంజిన్ 1.6 లీటర్ల లోపు ఉన్న కారుకు నెలకు 1,800 రూపాయలు, అంతకు మించితే 2,400 రూపాయలు విలువ. డ్రైవరును కూడా ఇస్తే ఇంకో 900. చిన్న కారూ డ్రైవరూ ఉన్న ఉద్యోగికి నెలకు 2,700, ఏడాదికి 32,400 రూపాయలు ఆదాయంలో కలుస్తాయి. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్‌తో కలిపి పన్ను 10 వేల పైచిలుకు. అదే కారు బదులు నెలకు 30 వేల అలవెన్సుగా తీసుకుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు ఆదాయంలో కలిసి, పన్ను లక్షా 12 వేలు దాటుతుంది. కారు పూర్తిగా సొంత పనికే అయితే మాత్రం ఈ రాయితీ లెక్క ఉండదు. అసలు ఖర్చూ, కారు ఖరీదులో 10 శాతం తరుగుదలా మొత్తం కలుపుతారు. పూర్తిగా ఆఫీసు పనికే వాడితే పన్ను లేదు, కానీ ఎక్కడికి, ఎందుకు, ఎన్ని కిలోమీటర్లు వెళ్లారో రాసి ఉంచాలి. ఇంటి నుంచి ఆఫీసుకు తీసుకెళ్లే కంపెనీ క్యాబ్ మీద పన్ను లేదు. మాదాపూర్, గచ్చిబౌలి దారుల్లో రాత్రి షిఫ్టులకు తిరిగే క్యాబుల్లో ప్రయాణించేవారు ఆ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

ఇల్లూ కారూ మీకు కలిసొచ్చే సూత్రాలు. అప్పు దగ్గర కథ మారుతుంది.

బ్యాంకు ఉద్యోగులకు గృహరుణం, కారు రుణం తక్కువ వడ్డీకి దొరకడం ఏళ్లుగా ఉన్న సదుపాయం. దీని విలువ కట్టే పద్ధతి ఇది. అలాంటి రుణానికే స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఆ ఆర్థిక సంవత్సరం మొదటి రోజున, అంటే ఏప్రిల్ 1న, వసూలు చేసే వడ్డీ రేటు తీసుకుంటారు. ఉద్యోగి కట్టే వడ్డీకీ దానికీ తేడా ఎంతో అదే పెర్క్. ప్రతి నెలాఖరున మిగిలిన బాకీ మీద ఈ లెక్క వేస్తారు. ఉదాహరణకు స్టేట్ బ్యాంక్ రేటు 9 శాతం, ఉద్యోగి కట్టేది 6 శాతం, బాకీ 20 లక్షలు అనుకుంటే ఏడాదికి సుమారు 60 వేలు ఆదాయంలో కలుస్తాయి. అప్పులన్నీ కలిపి 20 వేల రూపాయలు దాటకపోతే, లేదా నియమాల్లో చెప్పిన తీవ్ర వ్యాధుల చికిత్స కోసం తీసుకున్న అప్పు అయితే ఈ లెక్క ఉండదు.

ఇక్కడ అసలు చిక్కు ఏప్రిల్ 1 అనే తేదీ. 2025-26నే తీసుకోండి. ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 6.25 శాతం ఉంది. ఆ ఏడాదిలోనే ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో తగ్గుతూ 5.25 శాతానికి వచ్చింది. బయట కొత్తగా ఇచ్చే గృహరుణాల వడ్డీలూ తగ్గాయి. పెర్క్ లెక్కకు మాత్రం ఏప్రిల్ 1 నాటి రేటే మార్చి 31 దాకా నిలబడింది. అంటే బయట లేని రేటుతో పోల్చి, దక్కని రాయితీకి పన్ను లెక్క కట్టిన నెలలూ అందులో ఉన్నాయి.

ఈ నియమాన్ని బ్యాంకు సిబ్బంది, అధికారుల సంఘాలు సవాలు చేశాయి. 2024 మే 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తాల ధర్మాసనం నియమాన్ని సమర్థించింది. తక్కువ వడ్డీ రుణం బ్యాంకు ఉద్యోగులకే దక్కే ప్రత్యేక ప్రయోజనం కాబట్టి అది పెర్క్ అంది. స్టేట్ బ్యాంక్ రేటును అందరికీ ఒకే కొలబద్దగా పెట్టడం వల్ల వివాదాలు తగ్గుతాయని కూడా చెప్పింది. మాంట్‌రోజ్ ఏజెంటుకు గెలుపు దక్కింది, మన బ్యాంకు అధికారులకు దక్కలేదు. ఆ తీర్పును మనం శిరసావహించాలి. అయినా కొలబద్దను ఏడాదికి ఒకసారి కాక మూడు నెలలకోసారి సరిచేయమని ప్రభుత్వాన్ని అడగడం తప్పు కాదు, న్యాయమైన కోరికే.

ఇక చిన్న చిన్న సదుపాయాలు. ఆఫీసు వేళల్లో కంపెనీ పెట్టే భోజనానికి పూటకు 50 రూపాయల దాకా మినహాయింపు. టీ, టిఫిన్ లాంటి ఉపాహారానికి పన్ను లేదు. ఫుడ్ కూపన్ల రూపంలో ఇచ్చే భోజనానికి పాత పన్ను విధానంలోనే ఈ మినహాయింపు, కొత్త విధానం ఎంచుకున్నవారికి లేదు. పండగకో పుట్టినరోజుకో ఇచ్చే వస్తువులు, వోచర్లు ఏడాది మొత్తం మీద 5 వేల రూపాయల లోపు అయితే పన్ను లేదు. నగదుగా ఇస్తే మాత్రం మొదటి రూపాయి నుంచీ పన్నే. కంపెనీ నడిపే బడిలో పిల్లల చదువుకు నెలకు ఒక్కో బిడ్డకు వెయ్యి రూపాయల దాకా మినహాయింపు. రైల్వే, విమానయాన సంస్థల ఉద్యోగులకు ఇచ్చే ఉచిత ప్రయాణం మీద పన్ను లేదు. బస్సులు, లారీలు నడిపే సంస్థల్లో ఉద్యోగి కుటుంబానికి ఉచిత ప్రయాణం ఇస్తే మాత్రం టికెట్ ధరే పెర్క్.

50 రూపాయల భోజనం దగ్గర కాస్త ఆగుదాం. విజయవాడలోగానీ వరంగల్‌లోగానీ 50 రూపాయలకు ఫుల్ మీల్స్ దొరికే హోటల్ ఎక్కడుందో మీరే చెప్పండి. ఈ పరిమితులు ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కదలవు. ఉచిత విద్య, గ్యాస్, కరెంటు లాంటి కొన్ని సదుపాయాల మీద ఎక్కువ జీతం ఉన్న ఉద్యోగులకే పన్ను అని చట్టంలో ఒక గీత ఉంది. ఆ గీత 2001లో ఏడాదికి 50 వేల రూపాయల దగ్గర గీశారు. నెలకు 4 వేల రెండొందలు వచ్చే వ్యక్తి కూడా ఎక్కువ జీతగాడి కింద లెక్క! ఇరవై ఏళ్లు దాటాక, 2025లో దాన్ని 4 లక్షలకు పెంచారు. మరోపక్క ఇంటి విషయంలో 2023 నుంచే ఒక మంచి ఏర్పాటు ఉంది. అదే ఇంట్లో కొనసాగే ఉద్యోగికి ఇంటి విలువ, ధరల సూచీ పెరిగినదానికంటే ఎక్కువ పెరగకూడదు. భోజనానికీ, బహుమతికీ, పిల్లల చదువుకూ కూడా ఇదే పద్ధతి పెట్టాలి. కొత్త నియమావళిలో ఏ అంకె రాసినా, దాన్ని ధరల సూచీతో ముడిపెట్టకపోతే కొన్నేళ్లకు అదీ పాతబడుతుంది.

వైద్యం విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. రైల్వే, సింగరేణి, విశాఖ ఉక్కు లాంటి సంస్థలు నడిపే సొంత ఆసుపత్రుల్లో ఉద్యోగికి, కుటుంబానికి జరిగే చికిత్స మీద పన్ను లేదు. కంపెనీ కట్టే గ్రూప్ ఆరోగ్య బీమా ప్రీమియం మీదా లేదు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ వాడకానికీ, కంపెనీ కట్టే ఫోన్ బిల్లుకీ పన్ను లేదు. కానీ ఆ ల్యాప్‌టాప్‌ను మూడేళ్లు వాడాక కంపెనీ మీకే చవగ్గా అమ్మిందనుకోండి, లెక్క వస్తుంది. కంప్యూటర్లకు ఏటా సగం విలువ తగ్గిస్తారు. 80 వేలకు కొన్నది మూడేళ్లు నిండేసరికి 10 వేలు. మీరు 2 వేలు కడితే మిగతా 8 వేలు పెర్క్.

లీవ్ ట్రావెల్ కన్సెషన్ గురించి ఒక్క మాట. పాత విధానంలో ఉన్నవారికి నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు, మన దేశంలో తిరిగిన ఛార్జీలకే ఈ మినహాయింపు. మధురై వెళ్లి, అక్కడి నుంచి కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ చుట్టి వచ్చి మొత్తం ఛార్జీ అడిగిన ఉదంతం స్టేట్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. విదేశం ఉన్న ప్రయాణానికి ఈ మినహాయింపు లేదని 2022 నవంబరులో తీర్పు వచ్చింది.

ఇప్పుడు షేర్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, స్టార్టప్ ఉద్యోగులకు జీతంలో పెద్ద భాగం ఈ రూపంలోనే వస్తోంది. ఈసాప్ అంటే ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేరు కొనుక్కునే హక్కు. హక్కు చేతికొచ్చిన రోజున పన్ను లేదు. ఆ హక్కును వాడుకున్న రోజున మార్కెట్ విలువకూ, మీరు కట్టిన ధరకూ మధ్య తేడా పెర్క్ అవుతుంది. 100 రూపాయల ధరకు 500 షేర్లు తీసుకున్నారు. ఆ రోజు విలువ 900 అనుకుందాం. 4 లక్షల పెర్క్. 30 శాతం శ్లాబులో సెస్‌తో పన్ను లక్షా 24 వేల 800. షేరు అమ్మలేదు, రూపాయి చేతికి రాలేదు, పన్ను మాత్రం కట్టాలి. ఏడాది తిరిగేసరికి ఆ షేరు 400కు పడిపోయి మీరు అమ్మేస్తే, మీ కొనుగోలు ధర 900గా లెక్కించి రెండున్నర లక్షల నష్టం చూపిస్తారు. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసివేయడానికి లేదు. షేర్ల లాంటి ఆస్తులు అమ్మితే వచ్చే మూలధన లాభంలోనే సర్దుకోవాలి, అదీ 8 ఏళ్లలోపు. కాబట్టి హక్కు వాడుకునే ముందే పన్నుకు డబ్బు సిద్ధం చేసుకోవాలి. పన్నుకు సరిపడా షేర్లు వెంటనే అమ్మగలమా లేదా అన్నదీ చూసుకోవాలి. అర్హత ధ్రువపత్రం పొందిన స్టార్టప్‌ల ఉద్యోగులకు మాత్రం ఈ పన్ను కట్టడానికి కొన్నేళ్ల గడువుంది. షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా ఆ గడువు అక్కడితో ముగుస్తుంది.

అమెరికా కంపెనీల హైదరాబాద్ కార్యాలయాల్లో పనిచేసేవారికి ఉచిత షేర్ల రూపంలో వచ్చే ఆర్‌ఎస్‌యూలకు, షేర్లు మీ పేరున చేరిన రోజు విలువంతా పెర్క్. దానికి కంపెనీ పన్ను పట్టుకుంటుంది, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. అవి విదేశీ ఆస్తులు. రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏలో వాటిని చూపించాలి. చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే ప్రమాదం ఉంది. విదేశాల్లో స్థిరాస్తి కాని ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటనివారికి 2024 అక్టోబరు 1 నుంచి ఆ జరిమానా లేదు. అయినా చూపించడం మాత్రం తప్పనిసరి. న్యాయంగా సంపాదించిన డబ్బుకు, పన్ను కూడా కట్టాక, ఒక గడి నింపలేదని నోటీసు అందుకోవడం ఎంత బాధో ఊహించుకోండి.

చివరగా, మధ్యతరగతి ఉద్యోగి ఎంతో జాగ్రత్తగా చూసుకోవలసిన చోటు ఒకటుంది. 2025-26లో కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే జీతగాళ్లకు 12 లక్షల 75 వేలు. ఒక ఉద్యోగిని జీతం 12 లక్షల 70 వేలు అనుకుందాం. ఆమెకు పన్ను సున్నా. అదే ఏడాది కంపెనీ ఆమెకు గిఫ్ట్ కార్డులు, ఫుడ్ కూపన్లు, చవక అప్పు కలిపి 40 వేల రూపాయల పెర్క్స్ లెక్క కట్టింది. ఆదాయం 12 లక్షల 35 వేలకు చేరింది. శ్లాబుల ప్రకారం 65 వేల 250 పన్ను పడాలి. మార్జినల్ రిలీఫ్ ఉంది కాబట్టి 12 లక్షలు దాటిన 35 వేలకు మించి పన్ను వేయరు. సెస్‌తో 36 వేల 400. ఆమెకు వచ్చిన సౌకర్యం 40 వేలు, అందుకు కట్టిన పన్ను 36 వేల 400! మిగిలింది 3 వేల 600. అడగకుండా వచ్చిన ఆ కూపన్లకు ఆమె దాదాపు పూర్తి ధర కట్టినట్టే. ఏప్రిల్‌లోనే ఈ లెక్క చూసుకుని ఉంటే కూపన్లు వద్దని చెప్పేది. లేదా జీతంలో కొంత భాగాన్ని కంపెనీ తరఫున జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్‌కు జమ చేయమని అడిగేది. యజమాని కట్టే ఎన్‌పీఎస్ వాటాకు కొత్త విధానంలో బేసిక్, డీఏల మీద 14 శాతం దాకా మినహాయింపు ఉంది.

పెద్ద జీతాల వారూ ఒకటి గుర్తుంచుకోవాలి. పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్ యాన్యుయేషన్ మూడింటికీ కలిపి యజమాని కట్టే వాటా ఏడాదికి ఏడున్నర లక్షలు దాటితే, దాటిన మొత్తం కూడా పెర్క్ కిందకే వస్తుంది.

మరి మనం చేయవలసిందేమిటి? ఫారం 16తో పాటు ఫారం 12బీఏ అనే కాగితం కూడా అడగండి. జీతం ఏడాదికి లక్షన్నర దాటితే యజమాని అది ఇవ్వాలి. అందులో ఒక్కో పెర్క్‌కు ఎంత విలువ కట్టారో, మీ దగ్గర ఎంత వసూలు చేశారో, పన్ను పడే మొత్తమెంతో వరుసగా ఉంటుంది. ఇంటికి మీరు కట్టిన అద్దె తీసివేశారా? ఊరి జనాభాకు తగిన శాతమే వేశారా? కారు ఇంజిన్ సామర్థ్యం సరిగా రాశారా? అప్పుకు ఏప్రిల్ 1 నాటి రేటే తీసుకున్నారా? ఈ నాలుగూ చూస్తే చాలా పొరపాట్లు బయటపడతాయి. తప్పు కనిపిస్తే రిటర్న్ వేసేముందే అకౌంట్స్ విభాగానికి రాతపూర్వకంగా తెలియజేసి, సరిచేసిన ఫారం అడగండి. నగదు కాని పెర్క్‌ల మీద పన్ను యాజమాన్యమే కట్టే వీలు కూడా చట్టంలో ఉంది. అలా కట్టిన పన్నును ఉద్యోగి ఆదాయంలో మళ్లీ కలపరు. అలాంటి ఏర్పాటు ఉందేమో ఉద్యోగంలో చేరేటప్పుడే అడగవచ్చు.

సీటీసీ ఎంత అని అడిగే రోజుల్లో ఉన్నాం. దాంతోపాటు ఇంకో ప్రశ్న వేయడం అలవాటు చేసుకుందాం: ఇందులో నగదెంత, సౌకర్యమెంత, ఆ సౌకర్యానికి కట్టే విలువెంత? పిల్లలు క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఆఫర్ లెటర్ తెచ్చినప్పుడు ఇంట్లో పెద్దలు ఈ మూడూ కూర్చుని చూడాలి. పన్ను ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. కట్టవలసిన పన్ను నిండు మనసుతో కట్టాలి. దానితోనే రోడ్లు, బడులు, ఆసుపత్రులు నడుస్తాయి. కానీ తెలియక కట్టిన రూపాయి వల్ల మీకూ మేలు లేదు, చట్టానికీ గౌరవం లేదు. లెక్క చదవడం నేర్చుకున్న ఉద్యోగి యాజమాన్యాన్ని ధైర్యంగా ప్రశ్నించగలడు, ప్రభుత్వాన్ని న్యాయంగా అడగగలడు. ఫారం 16లో ఆ రెండో వరుసను ఈ ఏడాది అందరూ చదువుతారని ఆశిస్తున్నాను.